విభూతితో తోమిన రూపాయి

ఏజాక్స్,
2023 మార్చి 12.

చిరంజీవి ప్రియను నాయనమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఒంటికి సంబంధించినంతవరకు ఆ మాట నిజమే. మీ అమ్మానాన్నలు పోయిన ఆదివారం మార్కమ్ నుంచి వచ్చి వెళ్ళారు. హాలిఫాక్స్‌లో మంచు ఇంకా తగ్గలేదని రాశావు. చెవులు కప్పుకొని తిరుగు. ఉత్తరం తెలుగులో రాసినందుకు సంతోషం. నువ్వు పంపిన ఖర్చుల లెక్కలో మాత్రం బస్ పాస్ రెండు చోట్ల ఉంది. సరిచేసి మళ్ళీ పంపు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలెందుకని అడిగావు. ఫోన్ మోగగానే తాతయ్య "స్పీకర్ పెట్టు, మనవరాలి గొంతు నేనూ వినాలి" అంటారు. ఈసారి చెప్పవలసింది ఆయన వినకూడనిది.

ముందు నీ ప్రశ్నకు జవాబు. నాణేలకు గ్రేడు ఇచ్చే కంపెనీలను నమ్మవచ్చా అని అడిగావు. తాతయ్య విక్టోరియా రాణి రూపాయిని పంపడానికి ఫారం నింపింది నువ్వే గనుక తప్పు నీదేనా అని కూడా అడిగావు. తప్పు నీది కాదు. ఇక నమ్మకం సంగతి. వాళ్ళు నాణేన్ని భూతద్దం కింద పెట్టి చూసి, డెబ్బైకి మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. తాతయ్యలాగే నాణేలు కూడబెట్టే మన కోదండరామ్ గారు ఒక నాణేనికి వచ్చిన మార్కులు చాలక, డబ్బా పగలగొట్టి మళ్ళీ పంపితే ఒక మార్కు ఎక్కువ వచ్చింది. నాణెం అదే, చూసినవాడు మారాడు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళలోనూ ఆ తేడా ఉంటుంది. కాబట్టి మార్కులను కొంతవరకే నమ్మాలి. అయితే నాణేన్ని ఎవరైనా తోమారా లేదా అన్న విషయంలో వాళ్ళు పొరబడటం తక్కువ. తోమితే సన్నని గీతలు పడతాయి. అవి భూతద్దానికి దొరక్కుండా పోవు. నాణేలు కూడబెట్టేవాళ్ళ లెక్కలో తోమిన నాణెం చెడిపోయిన నాణెమే.

తాతయ్యకు ఈ కంపెనీల మీద గురి ఎక్కువ. అప్పట్లో కోదండరామ్ గారిని "మార్కుల కోసం మళ్ళీ మళ్ళీ పరీక్ష రాసే రకం" అని అందరి ముందూ ఎగతాళి చేశారు. ఫిబ్రవరిలో తాతయ్య రూపాయి తిరిగి వచ్చింది. డబ్బా మీద మార్కుల్లేవు. అసలైనదే గాని కడిగినది అని మాత్రం ఉంది. కోదండరామ్ గారు ఊరుకుంటారా?

"ఏమండీ యజ్ఞనారాయణ గారూ, సర్టిఫికెట్ వేదమన్నారు. వేదంలో అచ్చుతప్పు పడిందా?"

తాతయ్య నవ్వలేదు. ఆ రూపాయి మీద ఏళ్ళ తరబడి పట్టిన నీలి ఛాయ నీకు గుర్తుందిగా? అది లేదు. కంపెనీవాళ్ళే కడిగేశారని వాళ్ళకు ఫోన్ చేసి గట్టిగా అడిగారు. మీ పార్సిల్ విప్పిన రోజే తీశామంటూ వాళ్ళు ఫోటో పంపారు. అందులోనే రాణి తళతళలాడుతోంది. అంటే కడిగిన చెయ్యి ఈ ఇంట్లోదే.

మన బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న నిఖిలను నువ్వు చూశావు. జగిత్యాల అమ్మాయి, స్కార్‌బరోలో కాలేజీ, తెల్లవారుజామున కాఫీ షాపులో పని. శుక్రవారం పూజసామాను తోమడంలో నాకు సాయం చేస్తుంది. తాతయ్య ఆ అమ్మాయిని పైకి పిలిచారు.

"బీరువా దగ్గరికి ఎప్పుడెళ్ళావు?"

"నేనెందుకు పోత తాతయ్యా? అండ్ల ఏముందో కూడా నాకు తెల్వది."

"పూజసామాను తోమేది నువ్వే కదా!"

"చెంబులు తోమిన. రాణిగారి మొఖం నేనెందుకు తోముత?"

ఆ మాటతో ఆయనకు ఇంకా కోపం వచ్చింది. నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. ఆ పిల్ల అందరికీ ఫోన్లు చేసుకుంది. దొరికింది బ్రాంప్టన్‌లో ఒక్కటే గది. అందులో అప్పటికే ఆరుగురు ఆడపిల్లలు వంతులవారీగా పరుపుల మీద పడుకుంటున్నారట. అక్కడి నుంచి కాలేజీకి రెండు బస్సులో మూడు బస్సులో మారాలి. "అమ్మమ్మా, ఒట్టు, నేను ముట్టలే" అంది. నేను ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాను.

ఎందుకంటే తోమిందెవరో నేను చూశాను.

పోయిన దీపావళి ఉదయం నేను బూరెలు వేస్తున్నాను. తాతయ్య పూజగదిలో పీట మీద కూర్చుని వెండి రూపాయిలను విభూతితో తోముతున్నారు. ఏటా లక్ష్మీపూజకు పెట్టేవేననుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆయన వేళ్ళ మధ్య ఉన్నది ఆ రూపాయి. నీలి ఛాయంతా బూడిదలో కలిసిపోయింది. "ఇదేం పనండీ, ఇది మీ రూపాయి కదా!" అన్నాను. ఆయన తలెత్తి చిన్నపిల్లవాడిలా నవ్వారు. "అమ్మ తోమమంది. పూజకు వేళవుతోందట" అన్నారు.

మా అత్తగారు మీ నాన్న పెళ్ళికి ముందే పోయారు.

మధ్యాహ్నానికి ఆయనకు ఏదీ గుర్తు లేదు. నేనే రూపాయిని దాని కాగితం కవరులో పెట్టి మూసి బీరువాలో ఉంచాను, ఎవరికీ చెప్పలేదు. క్రిస్మస్ సెలవుల్లో నువ్వు ఫారం నింపుతుంటే, తాతయ్య ఆ కవరు విప్పి చూడకుండానే పార్సిల్ కడుతుంటే పక్కనే కూర్చుని కాఫీ తాగాను. వద్దనవచ్చు. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆ కంపెనీవాళ్ళు పని తెలియనివాళ్ళయితే బాగుండునని, చూసీ చూడనట్టు ఏదో ఒక మార్కు వేసి పంపితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. వాళ్ళు నమ్మదగినవాళ్ళే అయ్యారు.

నిఖిల సంచులు సర్దుకుంటుంటే ఇక ఆగలేక తాతయ్యతో "నేనే తోమాను" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. "నువ్వా? ఇన్నేళ్ళు నాతో ఉండి, నువ్వా?" అన్నారు. నిఖిలను పిలిచి "పొరపాటు పడ్డానమ్మా, గది నీదే" అన్నారు. ఆ రోజు నేను వడ్డించిన అన్నం తినలేదు. పోనీలే, అంతటితో తీరిందనుకున్నాను.

మూడో రోజు కాఫీ తాగుతూ "ఆ రూపాయి ఎవరు కడిగారో తేలిందా? కింద ఉన్న అమ్మాయి మీదే నా అనుమానం" అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే చూపు, అదే "నువ్వా?". ఆయనకు అది ప్రతిసారీ మొదటిసారే. డబ్బా కనబడకపోతే మరిచిపోతారేమోనని దాచాను. ఇంట్లో దొంగతనం జరిగిందని పోలీసులకు ఫోన్ చేయబోయారు. తీసి బల్ల మీద పెట్టేశాను. నిఖిల ఇప్పుడు ఆయన కునుకు తీసే వేళ చూసి పక్క తలుపులోంచి వెళ్ళివస్తోంది.

మీ నాన్నకు పోయిన ఆదివారం వచ్చినప్పుడే చెప్పాను. డాక్టరు గారు స్పెషలిస్టుకు రాశారు. అపాయింట్‌మెంట్ అక్టోబరులో. అప్పటిదాకా ఏం చేయాలంటే ఓపిక పట్టమన్నారు.

వచ్చే ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు తాతయ్య తప్పకుండా నిన్ను అడుగుతారు. నాయనమ్మే తోమిందని చెప్పు. వెంటనే చెప్పు, తడుముకోకు. నువ్వు తడబడితే ఆయన లేచి కింది మెట్ల వైపు వెళతారు. ఆ తరువాత ఆయన నన్ను ఏమన్నా వింటూ ఊరుకో. నా తరపున ఒక్క మాట కూడా మాట్లాడవద్దు.

ఇట్లు,
నీ మేలు కోరే నాయనమ్మ
ఈశ్వరమ్మ