బడి గోడ దించాం

అమ్మడూ,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే మీ అమ్మ, నేను. నా మోకాళ్ళని ఇంటి మనుషుల్లోంచి ఎప్పుడో తీసేశాం, అవి వాటి ఇష్టం వచ్చినట్టు ఉంటున్నాయి. అక్కడ నువ్వూ, నీ బళ్ళో పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మీ అమ్మ నాచేత రెండుసార్లు పైకి చదివించుకుంది, మూడోసారి నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది. అమ్మకి దగ్గు తగ్గిందా అని అడిగావు, తగ్గింది. మాత్రల వల్ల కాదట, రోజూ సాయంత్రం బడి మైదానం చుట్టూ నాలుగు చుట్లు నడవడం వల్లనట. డాక్టరు గారి ముందు ఈ మాట అనొద్దని చెప్పాను.

అవును, మైదానం అందరికీ తెరిచేశారు. సగం సంగతులు రేడియో పిన్ని నీకు రాసే ఉంటుంది. మనింట్లో గిన్నె మూత తీస్తే వీధి చివరిదాకా చేరవేసే మనిషి, ఇంత పెద్ద వార్త కడుపులో దాచుకుంటుందా? మీ బళ్ళో కూడా ఇలా పార్కు చేయిద్దామని ఉందన్నావు కాబట్టి, మిగతా సగం నేను రాస్తున్నాను.

మైదానాన్ని పార్కు ఎలా చెయ్యాలో తేల్చడానికి పెద్ద టీచరమ్మ వీధి వాళ్ళందరినీ పిలిచి ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టింది. ఆ బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నాక ఎంత పెద్దమనిషికైనా నోరు పెగలదు. మన టైలరుకి మాత్రం పెగిలింది. చుట్టూ నడకబాట, మధ్యలో పూలమొక్కలు కావాలన్నాడు. మధ్యలో మొక్కలు పెడితే పిల్లలు బంతి నెత్తిన పెట్టుకుని ఆడాలా అని రేడియో పిన్ని లేచింది. గంటసేపు కీచులాడుకున్నారు. చివరికి టీచరమ్మ సుద్దముక్క తీసి బోర్డు మీద గీసింది. "మధ్యది పిల్లలది, అంచులు పెద్దలవి. బడి గంట కొట్టేదాకా మాది, తర్వాత చీకటి పడేదాకా అందరిదీ. సరేనా?" అంది. చిన్నపిల్లల్లా అందరం తలూపాం. మీ బళ్ళో మీటింగు పెట్టినా చిన్న బెంచీల మీదే పెట్టించు, తొందరగా తేలుతుంది.

ఇంక మిగిలింది గోడ. "ఆరడుగుల గోడ, దాని మీద గాజు పెంకులు. దీన్ని పార్కంటే ఎవరు నమ్ముతారమ్మా, జైలనుకుంటారు," అన్నాడు టైలరు. మనిషి కూర్చునే ఎత్తుకి దించేసి, పైన నున్నగా చేస్తే అదే అరుగు అవుతుందని తేల్చారు. అందరూ నా వైపు తిరిగారు. మేస్త్రీని పక్కన పెట్టుకుని ఇంకొకణ్ణి ఎందుకు వెతుకుతారు?

నేను కాదన్నాను. అదే నువ్వు అడిగావు, "ఎక్కడో ఊరవతల పని ఉన్నా పరిగెత్తే నాన్న, ఇంటి ముందు పని ఎందుకు వద్దన్నాడు?" అని. పిన్నికి మోకాళ్ళన్నాను. టైలరుకి వేరేచోట మాటిచ్చానన్నాను. మీ అమ్మకి పాత గోడ జోలికి పోవడం మంచిది కాదన్నాను. మీ అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మూడు కారణాలు చెప్పే మనిషి దగ్గర అసలు కారణం నాలుగోది," అంది.

ఆ నాలుగోది రాయడానికే పన్నెండు రోజులు పట్టింది తల్లీ.

ఆ గాజు పెంకులు పెట్టింది నేనే.

నీకప్పుడు తొమ్మిదేళ్ళు. బడికి సెలవులు. పిల్లలు గోడ దూకి వచ్చి బడి కప్పు మీది పెంకులు పగలగొడుతున్నారని, గోడ మీద గాజు ముక్కలు పెట్టమని అప్పటి పెద్ద మాస్టారు నన్ను పిలిచాడు. దూకే వాళ్ళలో నువ్వూ ఉన్నావని నాకు తెలుసు. ఇంట్లో చెప్తే ఒద్దని గోల చేస్తావు, నీ గోల ముందు నేను నిలబడలేను. అందుకే చెప్పలేదు, ఊరవతల పనుందని చెప్పి రాత్రిపూట ఎవరి కంటా పడకుండా చేశాను. గాజు పెంకులు చూస్తే నువ్వే భయపడి మానుకుంటావులే అనుకున్నాను. చేసే పని గట్టిగా చెయ్యాలన్న పొగరు కూడా ఉంది నాకు. పదును పైకి వచ్చేలా ఒక్కో ముక్కా ఏరి మరీ కూర్చాను. మర్నాడు మునిమాపు వేళ నువ్వు ఎక్కావు. మసక వెలుతురులో నీకవి కనబడలేదు.

ఆసుపత్రిలో నీ అరచేతికి కుట్లు వేస్తుంటే పక్కనే నిలబడి నిన్ను తిట్టాను. గోడలు దూకమని ఎవరు చెప్పారన్నాను. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని, "తప్పయిపోయింది నాన్నా, ఇంకెప్పుడూ ఎక్కను," అన్నావు. నేను "సరే" అన్నాను. అంతే అన్నాను. వీధిలో వాళ్ళు బయటి మేస్త్రీ ఎవడో పెట్టి ఉంటాడనుకుంటే నేనూ ఔనన్నాను. రేడియో పిన్నికి అందకుండా పోయిన వార్త ఈ ఇరవై ఏళ్ళలో ఇదొక్కటే.

ఇంకొకడు వచ్చి ఆ గోడ మీద సుత్తి వేస్తాడంటే ఉండబట్టలేకపోయాను. వెళ్ళి ఆ పని ఒప్పుకున్నాను. ఆ రాత్రే మీ అమ్మకి చెప్పేశాను. రెండు రోజులు కంచం పెట్టేది, పక్కకి వెళ్ళిపోయేది. మూడోరోజు, "దానికి మీరే రాయండి. నా నోటితో చెప్పించకండి," అంది.

పెంకులు తీయడానికే ఐదు రోజులు పట్టింది. "నాలుగు దెబ్బలతో పోయేదానికి ఈ చెక్కుడేంటి మేస్త్రీ?" అని టైలరు నవ్వాడు. ముక్క విరిగి మట్టిలో పడితే మళ్ళీ ఏ పిల్ల కాలికో గుచ్చుకుంటుంది, అందుకని ఉలితో ఒక్కొక్కటీ ఊడదీశాను. అంత గట్టిగా పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. కుళాయి మూల దగ్గరికి వచ్చేసరికి ఉలి కింద పెట్టేశాను. నువ్వు ఎక్కింది అక్కడే. అక్కడే కూర్చుని ఏడ్చాను అమ్మడూ, నలుగురూ చూస్తుండగానే. కంట్లో దుమ్ము పడిందని చెప్పాను, అదీ అబద్ధమే.

గోడ దించి, పైన సిమెంటు గిలాబా పూసి, అంచులు గుండ్రంగా తిప్పాను. సిమెంటు ఆరాక, ఎవరినీ కూర్చోనివ్వకుండా ముందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నా అరచెయ్యి ఆనించి నడిచాను. ఎక్కడా ఏమీ గుచ్చుకోలేదు. ఇప్పుడు సాయంత్రమైతే దాని మీద చోటు దొరకదు.

నీ అక్షరాలు కుడివైపు ఒరిగి ఉంటాయి. ఆ గాయంతో బిగుసుకుపోయిన రెండు వేళ్ళూ మడవలేక నువ్వు కలం అలా పట్టుకోవడం నేర్చుకున్నావు. చూసినవాళ్ళు ఎంత ముచ్చటగా రాస్తుందో అంటారు. నాకు మాత్రం కవరు మీద మన అడ్రసు చూసినప్పుడల్లా ఆ ఆసుపత్రి గదే గుర్తొస్తుంది.

తప్పు నాది తల్లీ. ఆ రోజు నువ్వు నన్ను అడిగిన క్షమాపణ, నేను నిన్ను అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. నీ సంగతి నాకు తెలుసు, ఇది చదవగానే "పర్వాలేదు నాన్నా" అని రాసి పంపేస్తావు. అలా రాయకు. కోపం వస్తే రానీ. నెల పట్టినా, ఏడాది పట్టినా పట్టనీ. నాలాగా తేలిగ్గా మాత్రం "సరే" అనెయ్యకు.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా తలవంచి తీసుకునే
మీ నాన్న