తప్పు పట్టేవాళ్ళు లేని కథ

ఎల్లారెడ్డి వదినకు,

నీవు పోయి నేటికి ఏడాది. పత్రికకు పంపుదామని కొత్త కథ రాశాను. ఈ కామారెడ్డిలో వినేవాళ్ళకు కొదవ లేదు, తప్పు పట్టేవాళ్ళే లేరు. చదివి వినిపిస్తే కోడలు బియ్యం ఏరుతూనే, "మంచిగున్నదత్తమ్మా" అన్నది. "ఏం మంచిగున్నదే?" అంటే, "అంతా" అన్నది. మనవరాలైతే సగంలోనే, "శానా మంచిగున్నదవ్వా, అయిపోయిందా?" అన్నది.

నీవైతే మొదటి పేజీకే, "ఆ ముసల్దాన్ని జల్ది సంపు, నాకు నిద్రొస్తున్నది" అనేదానివి. కొన్నాళ్ళు నీతో మాటలు మానేసి, ఆనక ఆ పేజీ కొట్టేసేదాన్ని.

ఈ కథలో ఏదో ఎక్కువైంది. అదెక్కడో తెలియడం లేదు. ఎన్నిసార్లు చదువుకున్నా నాకు ప్రతి వాక్యమూ ముద్దొస్తోంది. చివరికి పంపకుండా పక్కన పెట్టాను. ఎందుకు పంపలేదని ఇంట్లో ఎవరూ అడగనైనా లేదు.