తెల్లారితే కూలబడే దొరగారు

నానమ్మకి,

...అని నిన్న అక్కడితో ఆపేశాను కదా, అమ్మ గదిలోకి వచ్చింది. కాగితం లెక్కల పుస్తకంలోకి తోసేసి, తర్వాత అలాగే కవర్లో పెట్టి పంపేశాను. కాబట్టి నీకు సగం భయమే అంది ఉంటుంది. మిగతా సగం ఇది.

ఫోన్ ఎందుకు చెయ్యనంటే, నీకు వినపడాలంటే నేను అరవాలి. విన్నాక నువ్వు అదే మాట ఇంకా గట్టిగా తిరిగి చెప్తావు. అటు అత్తావాళ్ళ వీధికి, ఇటు మా ఇంటికి తెలిసిపోతుంది.

నాన్నావాళ్ళ ఆఫీసు పాత మేనేజరు తన పెద్ద కారు అమ్ముతున్నారు. "నెల రోజులు మీ ఇంట్లో పెట్టుకుని నడిపి చూడవయ్యా, నచ్చితేనే తీసుకో" అని తాళం ఇచ్చి ఊరెళ్ళిపోయారు. నల్లగా, ఇంత ఎత్తున ఉంటుంది. అమ్మ దానికి దొరగారు అని పేరు పెట్టింది. "సగం ధరకే వస్తోంది" అని నాన్న అంటే, "ఏనుగుని సగం ధరకి కొంటే అది సగం మేతే తింటుందా? దాని సామాను మాత్రం కొత్త కారు ధరకే కదండీ వచ్చేది" అంది అమ్మ. నాన్న వినిపించుకోలేదు. ఇక నన్ను బడి గేటు దాకా దింపుతారట. ఇప్పుడైతే బడి వీధి చివరే దిగుతాను. అది వేరే కథలే.

దొరగారికి స్ప్రింగులుండవు, గాలి సంచుల మీద తేలుతుందని నాన్న చెప్పారు. నేను ఎవరూ లేనప్పుడు ఎక్కి కూర్చున్నాను. ఏదో బటన్ నొక్కాను. కారు మొత్తం బుస్సుమని కిందకి దిగింది. మళ్ళీ నొక్కితే లేచింది. అక్కడితో అయిపోయిందనుకున్నా. మర్నాడు పొద్దున్న చూస్తే చక్రాలు సగం లోపలికి పోయి, అలిగిన మనిషిలా నేల మీద కూలబడి ఉంది. నాన్న లేవకముందే స్టార్ట్ చేసి లేపాను. ఫ్యాన్ తిరిగినంత చప్పుడు కూడా రాదు. అప్పట్నుంచి రోజూ ఇదే పని.

విరగ్గొట్టేశాను నానమ్మా. ఏం చెయ్యాలి?

నీ మనవరాలు

తా.క. జవాబు మా ఇంటికి రాయకు. కవరు మీద ఉన్నది నా ఫ్రెండ్ అడ్రసు. దానిక్కూడా చెప్పలేదు, నువ్వు నాకు లెక్కలు నేర్పిస్తున్నావన్నాను.

*

చిరంజీవి బుజ్జితల్లికి, నానమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మీ అత్తా, దాని నోరూ.

నీ సగం ఉత్తరం ముందు వచ్చింది. అందులో "నా వల్ల ఒక పెద్ద ప్రమాదం" అని ఆగిపోయింది. తల్లీ, ఆ రెండు రోజులు నేనెలా ఉన్నానో ఆ గోడ గడియారాన్ని అడగాలి. ఇకమీదట భయమైతే ముందు ఏమిటో రాసి, తర్వాత భయపడు.

నాకర్థం కాని సంగతి ఒకటే. నువ్వు కూర్చుంటే అంత కారు కూలబడిందా? పోయినసారి చూసినప్పుడు గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నావు. ఒక్కసారిగా ఇంత బరువు ఎక్కడిదే? మీ అమ్మ ఏం పెడుతోంది?

పోనీ, పెద్ద బండ్లకి చలి పడదేమో. మన పాత కారు, మన ముసల్ది, పొద్దున్నే దగ్గేది కాదూ, మీ తాతయ్య రాత్రిపూట దాని ముక్కు మీద పాత దుప్పటి కప్పేవారు. మాకిద్దరికీ ఒకే మంచి దుప్పటి ఉన్న రోజుల్లో అది దానికే వెళ్ళేది. నువ్వూ కప్పి చూడు.

ఇట్లు
నానమ్మ

తా.క. నువ్వు లెక్కలు నా దగ్గర నేర్చుకుంటున్నావని మీ టీచరుకి మాత్రం చెప్పకు. మార్కులు తగ్గిస్తుంది.

*

నానమ్మకి,

నీ దుప్పటి వైద్యం పనిచేసింది. కప్పిన మర్నాడు వెళ్ళి చూస్తే దొరగారు నిలబడే ఉన్నారు. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు మళ్ళీ కూలబడ్డారు. దుప్పటి జారిందేమో అనుకుని, రెండు వేశాను. మళ్ళీ ఒకరోజు నిలబడి, ఒకరోజు కూర్చుని. ఏ రోజు ఎలా ఉంటుందో తెలియక టెన్షన్‌తో చచ్చిపోతున్నాను.

బరువు సంగతి నువ్వన్నాక నిజమేనేమో అనిపించింది. రాత్రి తినడం మానేశాను. అమ్మ నుదురు మీద చెయ్యి పెట్టి చూస్తోంది, నాన్న డాక్టరంటున్నారు.

అసలు భయం ఇప్పుడు చెప్తాను. ఈ ఆదివారం మేనేజరు తిరిగొస్తారు. నాన్న కొనేస్తానంటున్నారు. ఇంటి ముందు రెండు కార్లకి చోటు లేదు, ముసల్ది ఇప్పటికే రోడ్డు మీద ఉంటోంది, అందుకని దాన్ని అమ్మేస్తారు. పాత కార్లు కొనేవాడు వచ్చి దాని టైరు తన్ని, తలుపు తీయబోయాడు. రాలేదు. దాని తలుపు తీయాలంటే ముందు లోపలికి నెట్టి, తర్వాత పైకి ఎత్తి లాగాలి కదా. మన ఇంట్లోవాళ్ళకే వచ్చు. నేను చెప్పలేదు.

నేను నోరు విప్పితే "నువ్వే పాడుచేశావు" అంటారు. విప్పకపోతే నాన్న పాడైన కారు కొంటారు, తాతయ్య కారు పోతుంది. వెనక సీట్లో నేను చిన్నప్పుడు నిద్రపోయిన గుంట ఇంకా అలాగే ఉంది. నిన్న వెళ్ళి చూశాను. ఇప్పుడు కాళ్ళు పట్టలేదు.

నీ మనవరాలు

తా.క. పక్కింటాయన అమ్మని అడిగారట, "మీ కొత్త కారుకి జ్వరమా, దుప్పట్లు కప్పుతున్నారు?" అని. అమ్మేమో నాన్న కప్పారనుకుంది. నాన్నేమో అమ్మ కప్పిందనుకున్నారు.

*

చిరంజీవి బుజ్జితల్లికి,

ఒసేయ్ పిచ్చిదానా, తిండి మానెయ్యమని నేనెప్పుడన్నానే? ఈ ఉత్తరం చదివిన వెంటనే వంటింట్లోకి వెళ్ళి కూర్చుని తిను. తిన్నాక మిగతాది చదువు.

తిన్నావా? ఇప్పుడు విను.

మన ముసల్ది కూడా సెకండ్‌హ్యాండే. మీ తాతయ్య కొనేటప్పుడు అమ్మేవాడు ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. ఈయన మాత్రం "రాత్రికి మా ఇంటి ముందు ఉంచి వెళ్ళండి" అన్నారు. దాని కింద నా తెల్ల దుప్పటి పరిచారు. అదేనే, ఆ మంచిది. తెల్లారి లేచి చూస్తే ఒక మూల నూనె చుక్క. ఈయన దాని పక్కనే గొంతుక్కూర్చుని, కాఫీ తాగుతూ చాలాసేపు చూశారు. "పరుగెత్తేటప్పుడు అందరూ బాగానే ఉంటారు, తెల్లారి ఎలా లేస్తారో చూడాలి" అన్నారు. ఆ చుక్క ఎక్కణ్ణుంచి పడిందో తనకి తెలుసు కాబట్టి కొన్నారు. రిపేరు రాని బండి ఉండదే తల్లీ. ఆ రిపేరు మన చేతిలో ఉంటుందా, మనం దాని చేతిలో ఉంటామా, అంతే తేడా.

అంచేత రేపు నువ్వు లేపకు. దుప్పట్లు తీసెయ్. మీ నాన్నని పొద్దున్నే దాని మొహం చూడనీ. తిడితే నా మీదకి తొయ్యి, నాకెలాగూ వినపడదు.

ఇట్లు
నానమ్మ

తా.క. ఒకసారి పెళ్ళికి వెళ్తుంటే దారిలో ముసల్దాని ఫ్యాన్ బెల్టు తెగింది. మీ తాతయ్య నావైపు చూశారు. నా లంగా బొందు తీసి కట్టారు. ఊరిదాకా నడిచింది. పెళ్ళింట్లో అందరూ "కారు దిగవేం వదినా" అని అడగడమే. ఏమని చెప్పను? భోజనం కార్లోకే తెప్పించుకున్నాను.

ఇంకో తా.క. ఈ వారం ఒకే ఊరి నుంచి మూడు చేతిరాతల్లో కవర్లు తెచ్చానని పోస్ట్‌మ్యాన్ నవ్వుతున్నాడు. నేను ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పను. నీది కూడా.

*

నానమ్మకి,

మూడు చేతిరాతలు ఎవరివో ఇవాళ పొద్దున్న తెలిసింది.

నువ్వు చెప్పినట్టే కిందకి వెళ్ళలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. దొరగారు ఎప్పటికన్నా ఎక్కువగా, పొట్ట నేలకి ఆనించి పడుకున్నారు. అప్పుడు నాన్న వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా. అటూ ఇటూ చూసి, లోపల కూర్చుని స్టార్ట్ చేశారు. కారు మూలిగి ఆగింది. దిగి దాని ముందు వంగి, "లేవండి సార్, మా ఆవిడ లేచే టైమయింది" అన్నారు. నిజంగా అలాగే అన్నారు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ గొంతు. "లేవడులెండి. ఇందాకే నేనూ చూసి వచ్చాను."

"నీకు తెలుసా?"

"మీరు నిద్రపోయిన రోజుల్లో లేపింది ఎవరనుకున్నారు?"

అంటే దుప్పటి కాదు నానమ్మా. వాళ్ళు.

"మరి వద్దన్నదానివి, చెప్పవేం?"

"వద్దనే అన్నాను. కానీ అందులో కూర్చుంటే మీ మొహం, పెళ్ళిచూపుల్లో కూడా అంత వెలగలేదు. ఆదివారం లోపు మీరే చెప్తారని చూస్తున్నా."

నాన్న మెట్టు మీద కూర్చున్నారు. గాలి సంచులు పాతబడి కారిపోతున్నాయట. మేనేజరు దగ్గర ఉన్నప్పట్నుంచీ ఉన్న జబ్బేనట, రిపేరు చేసేవాడు నాన్నకి ఎప్పుడో చెప్పాడట. రోజూ ఇలా లేపుతుంటే గాలి కొట్టే మోటారు కూడా పోయిందట. అంటే నేను కాదు. ఆ బటన్ కాదు. ఇన్నాళ్ళూ ఊరికే ఆకలితో పడుకున్నాను.

"తెలిసి కూడా కొంటానన్నారా?" అంది అమ్మ.

నాన్న చేతిలో చెప్పులు మెట్టు మీద పెట్టారు. "ముసల్దాంట్లో వస్తే బుజ్జి వీధి చివరే దిగిపోతుంది. దాని ఫ్రెండ్స్ ఆ చప్పుడు వింటారని. దీంట్లో అయితే గేటు దాకా రానిస్తుందేమో అనుకున్నా."

"అది అలా అందా మీతో?"

"అనలేదు. దిగాక వెనక్కి చూడదు."

వీధి చివర ఎందుకు దిగుతానో నీకు ఎప్పుడూ రాయలేదు నానమ్మా. ఎవరికీ చెప్పలేదు. మా క్లాసులో ఒకడు ముసల్దాన్ని మిక్సీ అన్నాడు, అందరూ నవ్వారు. ఆ మర్నాటి నుంచే వీధి చివర దిగడం. నాన్నకి తెలియదనుకున్నాను. నేను మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు అక్కడే ఉండేది, కదిలేది కాదు. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు.

"బుజ్జికి మాత్రం చెప్పకు" అన్నారు నాన్న. మేనేజరుకి తాళం తిరిగిచ్చేస్తారట. తర్వాత ముసల్దాని దగ్గరికి వెళ్ళి తలుపు నెట్టి, ఎత్తి, లాగారు. మూడుసార్లు దగ్గి అందుకుంది. వీధి మొత్తానికి వినపడింది. నీకు కూడా వినపడి ఉంటుంది.

ఎవరో మెట్లెక్కుతున్నారు. నాన్నే. ఇప్పుడు తలుపు కొడుతున్నారు.

"బుజ్జీ, టైమయింది. పెద్ద కారు ఇవాళ కదలట్లేదు. పాతదాంట్లోనే వెళ్దాం. వీధి చివర ఆపుతాలే."

కాగితాలు దాచేస్తున్నాను నానమ్మా. గేటు దాకా రమ్మని చె