బండికి రెండు దెబ్బలు

మే 9, శనివారం

కార్లో బయల్దేరాం. సామాను సర్దింది నేనే. బ్యాగులు రెండు. తిరిగొచ్చాక ఆయనది ఇంటికి, నాది అక్క వాళ్లింటికి. అందుకే ఈసారి టూత్‌పేస్టు కూడా రెండు కొన్నాను.

మే 10

డిపోలో ఎవరికీ తెలియదు. హనీమూనా అని ఒకటే ఎగతాళి. ఇద్దరికీ ఒకేసారి లీవు శాంక్షన్ చేయించుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా అది చేతికొచ్చాక విడిపోదాం అనుకున్నాం. లీవు పాడుచేసుకోవడమెందుకు, వెళ్లొద్దాం అన్నాడు ఈయన. నేనూ సరే అన్నాను. ఇద్దరికీ పిచ్చే.

అసలు గొడవేమిటే అని అక్క అడుగుతుంది. గొడవ ఉంటే బాగుండేది. ఆయన బస్సు డ్రైవరు, నేను కండక్టర్ని. పదహారేళ్లు ఒకే బండి, ఒకే రూటు. పెళ్లి కూడా ఆ బండి పుణ్యమే. పిల్లల్లేరు. రెండేళ్ల కిందట డ్యూటీ చార్టు మార్చి ఆయనకి పొద్దున షిఫ్టు, నాకు సాయంత్రం షిఫ్టు వేశారు. బళ్లు కూడా వేరు. అప్పుడు తెలిసింది, మాకు ఇంట్లో మాట్లాడుకోవడం రాదని.

బండిలో మాత్రం ఏం మాట్లాడుకున్నాం కనక! వెనక నుంచి రేకు మీద అరచేత్తో రెండు కొడితే బయల్దేరాలి. ఒకటి కొడితే ఆగాలి. దాంతోనే ఇన్నేళ్ల కాపురం నడిచిపోయింది.

మే 12

కొండలు చూశాం. బాగున్నాయి. ఫోటో తియ్యమంటారా అని ఎవరో పెద్దాయన అడిగాడు. ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం. ఈ ట్రిప్పులో మేం కలిసి అన్న మాట అదొక్కటే.

మే 14

ఇవాళ ఈయన నన్ను పెట్రోలు బంకులో వదిలేసి వెళ్లిపోయాడు.

నేను బాత్రూంకి వెళ్లాను. మా కారు పక్కన ఒక లారీ ఆగి ఉంది. దాని క్లీనరు ఎక్కుతూ బాడీ మీద ధన్‌ధన్‌మని రెండు కొట్టాడట. అంతే, ఈయన గేరు వేసేశాడు. నేను బయటికొచ్చేసరికి కారు లేదు. ఫోను కార్లోనే ఉంది. గాలి కొట్టే మిషను పక్కన పాత టైరు ఉంటే దాని మీద కూర్చున్నాను. బంకు మేనేజరు టీ తెప్పించి, ఏమ్మా, పోట్లాడుకున్నారా అని మెల్లిగా అడిగాడు. లేదండీ, మా ఆయన బస్సు డ్రైవరు అన్నాను. పాపం, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

డిపోలో ఈయన్ని అద్దాలాయన అంటారు. మూడు అద్దాలూ చూసుకోందే బండి అంగుళం కదిలించడు. అంతటి మనిషి పక్క సీటు చూసుకోలేదు. టోల్ గేటు దాకా వెళ్లి, చిల్లర ఇవ్వమని ఇటు చెయ్యి చాపాడట. అప్పుడు చూశాడట.

తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. నువ్వే కొట్టావనుకున్నా అన్నాడు.

పదహారేళ్లు విన్న నా చేతి దెబ్బకీ, ఎవడో క్లీనరు దెబ్బకీ తేడా తెలియలేదు ఈయనకి. నాకు ఒళ్లు మండిపోవాలి కదా? మండలేదు. ఏడుపూ రాలేదు. ఆకలి మాత్రం వేసింది. ఒక బన్ను తిన్నాను.

మే 15

రోజంతా వాన. రాయడానికేం లేదు.

మే 16, శనివారం, పొద్దున 7

చివరి రోజు. లాడ్జి గది ఖాళీ చేశాం. ట్రిప్పు అయిపోగానే సీట్ల కింద వెతికే అలవాటు నాది. మంచం కింద వంగి చూస్తే ఆయన సాక్సు ఒకటి దొరికింది. నా బ్యాగులో వేసేసుకున్నాను. మళ్లీ తీసి ఆయన బ్యాగులో పెట్టాను.

10.30

బంకులో అలా జరిగిన దగ్గర్నుంచి ఈయనకి కొత్త జబ్బు పట్టుకుంది. నేను ఎక్కి కూర్చున్నా సరే, కారు కదిలించడు. పోనివ్వండి అన్నా వినడు. డాష్‌బోర్డు మీద నేను రెండు కొట్టాలి, అప్పుడే. టీ కొట్టు దగ్గర కొట్టాను. టోల్ గేటు దగ్గర కొట్టాను. చివరికి, ఏమిటండీ ఈ వేషాలు అన్నాను. మళ్లీ ఎక్కడ వదిలేసి పోతానో అని భయం అన్నాడు. ఎలాగూ విడిపోతున్నాం కదా అన్నాను. విడిపోవడం వేరు, వదిలేసి పోవడం వేరు అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

కిటికీ అద్దం దించి, మళ్లీ ఎత్తాను.

మధ్యాహ్నం 2

భోజనం దగ్గర తనంతట తనే మాట్లాడాడు. వింతే. ఇప్పుడు బళ్లకి బజర్లు పెట్టారు కదా, ఎవరు నొక్కినా ఒకటే మోత అన్నాడు. రెండేళ్లుగా వెనక ఎవరున్నారో తెలియకుండానే బండి తోలుతున్నానే అన్నాడు. సంజాయిషీ అనుకోవాలా, ఇంకేమైనానా? ఉప్పు ఇలా ఇవ్వండి అన్నాను.

నా బండికీ బజరే. చెయ్యి కడుక్కుంటూ అరచెయ్యి చూసుకున్నాను. గట్టిగా కాయ కాసి ఉండేది. మెత్తబడిపోయింది.

సాయంత్రం 6

అక్క వాళ్ల గేటు ముందు ఆపాడు. బ్యాగు ఆయనే దించాడు. బావగారు వచ్చి దాన్ని అందుకుని లోపలికి తీసుకెళ్లారు. నేను దిగి తలుపు వేశాను. ఆయన మళ్లీ సీట్లో కూర్చుని, మూడు అద్దాలూ చూసుకుని, స్టీరింగ్ మీద చేతులు వేశాడు.

కదలడు. వెళ్లండి అన్నాను. జాగ్రత్త అని కూడా అన్నాను. ఇంజను గుర్రుగుర్రుమంటూనే ఉంది. వెనక ఆగిన ఆటో అతను హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. అక్క గడపలోంచి ఏమయిందే అని అడుగుతోంది.

ఏమవుతుంది? నేను కొట్టలేదు, అంతే. వెనక్కి వెళ్లి డిక్కీ మీద రెండు కొడితే ఆ మనిషి వెళ్లిపోతాడు. ఇన్నేళ్లూ రోజుకి వంద సార్లు చేసిన పనే కదా. వారం రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది, నడివీధిలో, ఆటో అతని ఎదురుగా. సిగ్గు కూడా వెయ్యలేదు. కారు వెనక్కి వెళ్లి చెయ్యి ఎత్తాను.

మే 17

ఒకటే కొట్టాను.

ఇంజను ఆపేశాడు. నా అరచెయ్యి ఇంకా మండుతోంది.