బండిలో ఇంటి స్విచ్చి

1966 మే 16, సోమవారం

చెల్లెలు దానమ్మ పోయి ఇవాళ్టికి ఐదు రోజులు. స్కూలుకు సెలవులు. చేతికి పని లేదు. లెసన్ ప్లాన్‌ల కోసం కొన్న నోట్‌బుక్ ఖాళీగా ఉంది. ఇందులో రాస్తాను. ఎవరికీ కాదు.

ముందు మే 5, గురువారం పొద్దున సంగతి రాసుకోవాలి. ఏమీ జరగని పొద్దున అది.

ఐదింటికి లేచి పొయ్యి వెలిగించాను. మరదలు ఎలిశిబా వాకిలి ఊడ్చి, జొన్నరొట్టెలు చేసింది. తమ్ముడు గాబ్రియేలు ముఖం కడుక్కుని వచ్చాడు. ముగ్గురం ప్రార్థనకు కూర్చున్నాం. కూర్చోబోయే ముందు నేను గోడ మీది స్విచ్చి పైకి నొక్కి ఫ్యాను ఆపాను. ఇంటికి కరెంటు వచ్చిన నాటి నుంచీ ఇదే పద్ధతి. బైబిలు కాగితాలు పల్చన, గాలికి లేస్తాయని నాన్న పెట్టింది. నాన్న పోయాక ఆపడం నా పని అయింది. ఆమేన్ తర్వాత మళ్లీ వేసేది మాత్రం గాబ్రియేలు.

రొట్టె తిని తమ్ముడు బండి దగ్గరికి పోయాడు. మిషన్‌లో ఉండిన దొర ఒకాయన ఇంగ్లండు వెళ్లిపోతూ ఇచ్చిన పాత డాడ్జి పికప్పు అది. ఊళ్ల నుంచి దవాఖానకు రోగుల్ని తేవడమే దానికి ఎక్కువ పని. ఇంజను ముందర బెల్టుతో తిరిగే ఫ్యాను ఇరుసు అరిగి ఊగుతోంది. ఎప్పుడు రేడియేటర్‌ను కోస్తుందో తెలియదు. ఆ పార్టు హైదరాబాదులో కూడా దొరకలేదు. సికింద్రాబాదులో మిలిటరీ పాత సామాను అమ్మేచోట బ్యాటరీ మీద తిరిగే మోటారు ఒకటి కనిపిస్తే తెచ్చుకున్నాడు. రేకు కత్తిరించి రెక్కలు చేశాడు. పాత ఫ్యాను విప్పేసి, రేడియేటర్ వెనక ఇనుప పట్టీలతో దీన్ని బిగించాడు. స్విచ్చికి ఏమీ దొరక్క, ఇంట్లో మిగిలిన నల్ల గోడ స్విచ్చిని చెక్కముక్క మీద పెట్టి డ్యాష్‌బోర్డుకు కొట్టాడు. బండి తాళం తిప్పి ఉన్నప్పుడు కిందికి నొక్కితే తిరుగుతుంది. పైకి నొక్కితే ఆగుతుంది. ఇంట్లోలాగే.

టెస్ట్ చేయడానికి కాగితం అడిగితే సండే స్కూలు పాఠం కాగితం ఇచ్చాను. రేడియేటర్ ముందర పెట్టాడు. ఎగిరి వాకిట్లో పడింది. ఫ్యాను ఉల్టా తిరుగుతోంది. రెండు వైర్లూ మార్చి కలిపాడు. ఈసారి కాగితం రేడియేటర్ జాలీకి అతుక్కుంది. అక్కా సూడు, నీ పాఠం డాడ్జి గూడ సదువుతుంది అన్నాడు. నవ్వాను.

అప్పుడే షెడ్డు యోసేపు సైకిలు దిగాడు. గాబ్రియేలుకు మెకానిక్ పని నేర్పినవాడు. ఏం గాబ్రేలూ, ఇంజన్‌కు పంకా పెట్టినవ్, ఇగ మంచమేసి జోకొట్టు అన్నాడు. తమ్ముడు, ఎండకాలం పోనియ్యే అన్నా, నీ షెడ్డుల బండ్లన్ని పంకా కావాలని మొండికేస్తయి అన్నాడు. యోసేపు వంగి మోటారు చూశాడు. బెల్టు తెగితె చప్పుడైతది, ఇది ఆగితె ఎవనికి ఎరుకైతది అన్నాడు. తమ్ముడు ఇనుప పట్టీలు మరోసారి బిగించాడు. ఆ బండికి వేడి చూపే ముల్లు ఎన్నో ఏళ్లుగా కదలదు.

గంటసేపు ఇంజను నడిపాడు. కాగలేదు. ఆ రోజు మామిడికాయ పప్పు చేసుకున్నాం.

మే 17

తమ్ముడు కంచం ముందు కూర్చుని, లేచిపోయాడు.

మే 18, బుధవారం, మధ్యాహ్నం

ఇవాళ్టికి వారం. ఇదే వేళ. రాయాలి.

పొద్దున తొమ్మిదింటికి బస్సు కండక్టరు కౌడిపల్లి నుంచి చీటీ తెచ్చాడు. దానమ్మ భర్త, మా మరిది కృపాదానం రాసింది. అతను అక్కడ సువార్తికుడు. దానమ్మకు నిన్నటి నుంచి కడుపునొప్పి, తగ్గుతలేదు, బండి తెండ్రి అని ఉంది. గాబ్రియేలూ నేనూ వెంటనే బయల్దేరాం. పోయేటప్పుడు బండి చక్కగా పోయింది. పంకా పని చేస్తుంది అక్కా అన్నాడు ఒకసారి.

దానమ్మ మోకాళ్లు కడుపుకు లాక్కుని పడుకుని ఉంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. అమ్మ మంచాన పడ్డప్పుడు నా చంకలో పెరిగింది. ముందు సీట్లో డ్రైవరుకూ నాకూ మధ్య కూర్చోబెట్టి, తల నా భుజానికి ఆనించుకున్నాను. కృపాదానం వెనక ఎక్కాడు. తమ్ముడు ఇంజను స్టార్ట్ చేసి, ఫ్యాను వేసి, వెనక డాలా తలుపు మూయడానికి దిగాడు.

అక్కా, ప్రార్థన చెయ్యి అంది దానమ్మ.

కళ్లు మూసుకోబోయే ముందు నా చెయ్యి లేచింది. డ్యాష్‌బోర్డు మీది నల్ల స్విచ్చిని పైకి నొక్కింది. నేను ఆలోచించలేదు. ప్రార్థన చేశాను. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డ తమ్ముడు కూడా ఆమేన్ అన్నాడు. ఎక్కి తోలాడు. ఫ్యాను తను వేసే దిగాడు. మళ్లీ చూడాల్సిన పని అతనికి లేదు.

కుల్చారం దాటి మైలు పోలేదు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజను ముక్కుతూ ఆగిపోయింది. తమ్ముడు తాళం తిప్పి ఆపేసి దూకాడు. బానెట్ ఎత్తాడు. ఆవిరి పోయాక, అక్కా, జర చావి తిప్పు, పంకా తిర్గుతదో లేదో సూస్త అని అరిచాడు.

అప్పుడు చూశాను. స్విచ్చి పైకి ఉంది.

కిందికి నొక్కాను. తర్వాత తాళం తిప్పాను.

ఫ్యాను తిరిగింది. తమ్ముడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తిర్గుతనే ఉంది గదనే, మరెందుకు మసిలింది అన్నాడు. నేను దానమ్మ నుదురు తుడిచాను.

కృపాదానం డబ్బా పట్టుకుని నీళ్లకు ఉరికాడు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే పగులుతుందట. చల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ దారిన ఒక్క బండీ రాలేదు. గంట పైనే ఐంది. దానమ్మ మొదట్లో మూలిగింది. తర్వాత మూలగలేదు.

పేగు మెలిపడింది అన్నాడు దవాఖానలో డాక్టరు. ఆపరేషన్‌కు సిద్ధం చేస్తుండగానే పోయింది. ముందుగా వస్తే బతికేదా అని తమ్ముడే అడిగాడు. బతుకుతుండెనేమో, నేను చెప్పలేను అన్నాడు డాక్టరు.

స్విచ్చి పైకి నొక్కింది అలవాటు. కిందికి నొక్కి ఊరుకున్నది నేను.

మే 20, శుక్రవారం

గాబ్రియేలు ఇవాళ వెనక ఇసుక మూటలు వేసుకుని, ఎండ నెత్తిన ఉండగా కౌడిపల్లి దాకా పోయి వచ్చాడు. బండి మసలలేదు. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

మంచిగనే పోయింది, మంచిగనే వచ్చింది, మరి ఆ దినమే ఎందుకు అక్కా అన్నాడు. నువ్వు ముందట కూసున్నవ్ గద, నీకేమన్న కానొచ్చిందా అన్నాడు.

దేవునికే ఎరుక అన్నాను.

దేవుని పేరు చాటున దాక్కున్నాను. యాభై మూడేళ్లలో ఇది మొదటిసారి.

మే 22, ఆదివారం

కృపాదానం గుడికి వచ్చాడు. గాబ్రియేలు కూర్చున్న బెంచీలో కూర్చోలేదు.

బయట యోసేపు నలుగురితో అన్నాడట. నేను చెప్పిన, విన్నడా, కంపెనీ రెక్కలు తీసేసి రేకు రెక్కలు పెట్టిండు, సొంత చెల్లె మీదనే టెస్ట్ జేసిండు అని. ఎలిశిబా ఏడుస్తూ వచ్చి చెప్పింది. తమ్ముడు ఆమె కంటే ముందే విన్నాడు. నిజమే గద అన్నాడు ఇంటికి వచ్చాక.

రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి నేను ప్రభువు బల్ల దగ్గరికి పోలేదు. పాణం బాగలేదా టీచరమ్మా అని అడిగారు. బాగలేదన్నాను.

మే 23

మోకాళ్ల మీద కూర్చుంటున్నాను. మాట రావడం లేదు.

మే 25, బుధవారం

ఏడుపాయల దారిలోని ఒక పల్లె నుంచి సిద్దమ్మ అనే ఆమె పొద్దున్నే నడిచి వచ్చింది. కూతురికి రాత్రి నుంచి నొప్పులు, కాన్పు కావడం లేదు. బండి తియ్యి నాయనా అని గాబ్రియేలు కాళ్ల దగ్గర కూలబడింది. నా బండి ఎక్కితె పాణం దక్కదమ్మా, వేరే బండి సూసుకో అన్నాడు. అప్పటికే ఫ్యాను విప్పి నేల మీద పెట్టి ఉంచాడు. ఇంకెన్నడూ బండి ముట్టను అన్నాడు నాతో. ఆమె లేచింది. తర్వాత చెంగు నెత్తిన వేసుకుని, ఎడ్ల బండి దొరుకుతుందేమోనని పోయింది. మలుపు దాకా చూశాను.

ఇక నావల్ల కాలేదు.

అదే రోజు, రాత్రి పదకొండు గంటలు

తమ్ముణ్ణి లోపలికి పిలిచి చెప్పాను. ఎలిశిబా కూడా ఉంది. మూడు వాక్యాల్లో చెప్పాను. ఎక్కువ అక్కరలేకపోయింది.

పైకుండెనా అక్కా స్విచ్చి అని అడిగాడు. పైకే ఉంది అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

అయితె నా పంకా మంచిదే అన్నాడు. ముఖం వెలిగింది. ఒక్క క్షణమే. ఆ వెలుగు నేను చూశానని అతనికి తెలిసింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని, దానమ్మా దానమ్మా అని ఏడ్చాడు. పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

తర్వాత లేచి వాకిట్లోకి పోయి ఫ్యాను బిగించడం మొదలుపెట్టాడు. ఎలిశిబా నట్లు అందించింది. సిద్దమ్మ పోయిన దారిన బండి తోలాడు. బండి వాళ్ల పల్లె చేరేసరికే కడుపులోని బిడ్డ పోయిందట. తల్లి బతికింది.

దీన్ని కూడా నా పేరు కిందే రాసుకుంటున్నాను.

మే 27

నన్ను ఒక్క మాట అనలేదు తమ్ముడు. నీళ్ల చెంబు ఎప్పటిలా అందిస్తున్నాడు. అంటే బాగుండును.

మే 28, శనివారం, మధ్యాహ్నం

కబురు పంపితే కృపాదానం వచ్చాడు. అతనికీ నేనే చెప్పాను. తల వంచుకుని విన్నాడు. లేచి గాబ్రియేలు చేతులు పట్టుకున్నాడు. బావా, నిన్ను మనసుల మస్తు తిట్టుకున్న అన్నాడు. నా వైపు చూడలేదు.

రేపు గుడిలో అందరి ముందర చెప్తాను అన్నాను. యోసేపు కూడా వినాలి అన్నాను.

కృపాదానం వెంటనే వద్దన్నాడు. వదినె, బైట చెప్పకుండ్రి, ప్రార్థన చేసుకుంట చంపుకున్నరంటరు, నేను ఊళ్లళ్ల ఏ ముఖం పెట్టుకొని వాక్యం చెప్పాలె అన్నాడు.

ఎలిశిబా ఊరుకోలేదు. మరి ఈయన ముఖమో, ఇప్పటికి ఎవ్వరు బండెక్కుత లేరు, పొయ్యి ఎట్ల రాజాలె అంది. ఆమె అన్నది న్యాయం.

గాబ్రియేలు, నువ్వు ఊకో అని ఆమెను గదిమాడు. నన్ను అననే అన్నరు, ఇంకోసారి అంటె అరిగిపోత్నా, అక్కను అంటె నేను ఇన్లేను అన్నాడు.

నా తప్పు నన్ను మోయనివ్వండి అన్నాను. వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. పెద్దదాన్ని నేనే. అయినా నన్నెవరూ అడగడం లేదు.

అదే రోజు, సాయంత్రం ఆరు

నిర్ణయం ఐంది. ఎలిశిబా కూడా చివరికి తల ఊపింది.

బయట చెప్పకూడదు. తప్పు ఫ్యానుదే. రేపు ఆడవాళ్ల కూటంలో ఎప్పటిలాగే ప్రార్థన నేను చేయాలి.