బతికున్న మనిషికి విస్తరి

అవోకా, డర్బన్
17 మార్చి 1996

కోర్టులో తప్ప ఇంకెక్కడా నోరు విప్పని శ్రీవారికి,

సీత నమస్కారాలు. నేను క్షేమంగా చేరానని మన క్రాంతి హాస్టల్ నుంచి మీకు ఫోన్ చేసి చెప్పాడట. మీరు "ఊఁ" అన్నారట. ఆ ఊఁ కే సంబరపడిపోయి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాసే అవసరం ఎప్పుడొచ్చింది గనక? పురిటికి వెళ్ళినా మా పుట్టిల్లు రెండు వీధుల అవతలే. కాలేజీలో పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పుకునే మనిషి, కొడుకు ఇంజనీరింగ్ చదువుతుండగా తనే మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకుని ఇంత దూరం వస్తుందని నేనే అనుకోలేదు, ఇక మిమ్మల్నేం అనను. మొన్నమొన్నటి దాకా ఈ దేశానికి చెల్లదని రాసి మరీ మన పాస్‌పోర్టులు ఇచ్చేవారు. ఫెలోషిప్ కాగితం వచ్చిన రోజు మీరు దాన్ని చదివి, మడిచి, "నీ ఇష్టం" అన్నారు. అప్పట్నుంచి ప్రయాణం దాకా మీరు నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక కార్డు ముక్క నిండదు. స్టేషన్‌కి వచ్చి సామాను ఎక్కించారు. రైలు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నాకు చాలా కష్టం వేసింది. రెండేళ్ళకని వెళ్తున్న మనిషికి చెయ్యి ఊపితే మీ సొమ్మేం పోయింది?

సరే, ఇక్కడి సంగతులు. నేనుంటున్నది అంబీ గారనే ఒక పెద్దావిడ ఇంట్లో. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు సగ్రెన్ చెప్పుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆవిడ తాతని ఎప్పుడో మన వైపు నుంచే చెరుకు తోటల్లో పనికి ఓడ ఎక్కించి తెచ్చారట. ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషే. ఆవిడ నోట్లో మాత్రం అమ్మమ్మ నాటి తెలుగు ముక్కలు కొన్ని మిగిలాయి. అన్నాన్ని కూడు అంటుంది. తెలుగులో ఒక మాట మొదలుపెడితే సగంలో ఇంగ్లీషులోకి జారిపోతుంది. తిట్టేటప్పుడు మాత్రం ఎక్కడా తడుముకోదు. రోజూ పొద్దున "లెగరా సచ్చినోడా" అని కొడుకుని లేపుతుంది. అతను ఆ మాటకి గుడ్ మార్నింగ్ అని అర్థం అనుకుంటాడేమో, నవ్వుతూ లేస్తాడు.

యూనివర్సిటీకి చిన్న వ్యాన్లలో వెళ్ళాలి. వాటిని ఇక్కడ టాక్సీలంటారు. రోడ్డు పక్కన నిలబడి చూపుడువేలు పైకెత్తితే టౌనుకి అని అర్థం. మొదట్లో నడిరోడ్డు మీద వేలెత్తడానికి సిగ్గేసి, ఎవరైనా ఎత్తేదాకా ఆగి వాళ్ళ వెనకాల ఎక్కేదాన్ని. నా గైడు హేజెల్ అనే తెల్లావిడ. నాకంటే చిన్నది. మేడమ్ అంటే ఊరుకోదు, పేరు పెట్టే పిలవాలట. అందుకని ఆవిడ ఇటు తిరిగేదాకా ఆగి అప్పుడు మాట్లాడుతున్నాను.

మేం పని చేసేది ఉమ్గేని నది సముద్రంలో కలిసేచోట, మడ చెట్ల మధ్య. మోకాలి దాకా బురద. నేను ప్యాంటూ రబ్బరు బూట్లూ వేసుకుంటున్నాను, నవ్వుతారో కోప్పడతారో మీ ఇష్టం. మంగళసూత్రాలు ఆ బురదలో ఎక్కడ జారిపోతాయోనని తీసి పెట్టెలో దాచాను. మీకు చెప్పకుండా తీశానని రేపెప్పుడూ అనకండి, ఇదిగో చెప్తున్నాను. మొదటి రోజు ఒక తెల్లమడ ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాను. మన కోరింగ మడ ఆకుకుండే ఉప్పే. అక్కడే నిలబడి ఏడ్చేశాను. హేజెల్ నాకేదో కుట్టిందనుకుని పరుగెత్తుకొచ్చింది.

రెండు ముక్కలు రాయండి. ఒక్కటి రాసినా చాలు.

మీ జవాబు కోసం పోస్టుమాన్‌తో అప్పుడే స్నేహం చేసేసిన
సీత


అవోకా
30 జూన్ 1996

శ్రీవారికి,

ఇది మీకు రాస్తున్న నాలుగో ఉత్తరమో ఐదోదో. లెక్క పెట్టడం మానేశాను. క్రాంతి ఉత్తరాలు వస్తున్నాయి. "నాన్న బాగానే ఉన్నారు, నీ ఊసు ఎత్తరు" అని రాశాడు. వాడికి దాపరికం చేతకాదు, నా పోలిక.

ఉగాదికి నేను బూత్ నుంచి ఫోన్ చేసినప్పుడు మీరేమన్నారో గుర్తుందా? "అందరం బాగానే ఉన్నాం, ఊరికే డబ్బు తగలెయ్యకు" అని పెట్టేశారు. ఆ అందరం ఎవరండీ? ఇంట్లో ఉన్నది మీరొక్కరే కదా. తిన్నారా అని అడుగుదామనుకున్నాను. వంటమనిషి వస్తోందా, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా, అడగాల్సినవి చాలా ఉన్నాయి. తర్వాత మళ్ళీ చెయ్యబుద్ధి కాలేదు. ఇంకోసారి అలా పెట్టేస్తే తట్టుకోలేనని భయం.

ఇక్కడ చలికాలం. మొన్న ఓట్లు జరిగాయి. అంబీ గారు రెండేళ్ళ కిందటి దాకా ఓటంటే ఎరగని మనిషి. తన పెళ్ళిచీర కట్టుకుని, తెల్లారకముందే వెళ్ళి వరసలో నిలబడింది. పెళ్ళిచీర ఎందుకంటే, అంతకంటే మంచిది తన దగ్గర లేదంది. నన్నూ తోడు తీసుకెళ్ళింది. వరసలో ముందూ వెనకా అందరితో నన్ను ఇండియా నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయని చెప్పింది. అమ్మాయట.

చదువు బాగా సాగుతోంది. ఈ మాట మీకు రాయడానికి కాస్త గిల్టీగా ఉంది. బురదలో వంగి మొక్కలు కొలుస్తున్నంతసేపూ నాకు ఆకలి తెలియదు, నడుం నొప్పి తెలియదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాకే మీరు గుర్తొస్తారు. అప్పుడిక ఏం చేసినా వదలరు. ఆదివారం సాయంత్రాలు ఇంట్లో ఫోన్ మోగుతుంది. సగ్రెన్ కోసమో, అంబీ గారి అక్కచెల్లెళ్ళ దగ్గర్నుంచో. మోగినప్పుడల్లా నేను గదిలోంచి ఇవతలికి వస్తాను. అంబీ గారు అది కనిపెట్టింది. ఒకరోజు చపాతీలు చేస్తూ మీ ఆయన సంగతేమిటని అడిగింది. ఏదో చెప్పబోయాను. కళ్ళు నిండిపోయాయి. ఆవిడ పిండి చేత్తోనే నా వీపు నిమిరింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు నుంచి నాకు ఎక్కువ వడ్డిస్తోంది.

ఉంటాను.

సీత


అవోకా
14 అక్టోబర్ 1996

ఏమండీ,

ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు. కూచుని చదవండి.

మొన్న శనివారం అమావాస్య. ఇక్కడివాళ్ళు పోయిన పెద్దలకు పెట్టేది ఆ రోజే. పంతులు ఎవరూ రారు. పోయినవాళ్ళకు ఏవి ఇష్టమో అవి వండి, అరిటాకులో వడ్డించి, దీపం పెట్టి, గది తలుపు వేసేస్తారు. ఇంటిల్లిపాదీ బయట నిలబడతారు. వాళ్ళు వచ్చి తిని వెళ్తారని నమ్మకం. ముందు రోజు అంబీ గారు నా గదికి వచ్చి మంచం మీద నా పక్కన కూచుంది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "రేపు మీ ఆయనకీ ఓ ఆకేద్దాం సీతా. ఏటిష్టం సెప్పు, నేను వండుతాను" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు చల్లబడిపోయింది. ఆవిడ తప్పేముంది? మెళ్ళో సూత్రాలు లేవు. ఇన్ని నెలల్లో ఒక ఫోన్ లేదు, ఉత్తరం లేదు. మీ పేరు నేను ఎవరి ముందూ ఎత్తను, అలవాటు లేదు కదా. మాట వస్తే ఏడుస్తాను. మొగుణ్ణి పోగొట్టుకుని, దిగులు మరిచిపోడానికి చదువులో పడ్డ ఆడదాన్నని వాళ్ళంతా ఏనాడో అనుకున్నారు. సగ్రెన్ నా ముందు గట్టిగా రేడియో పెట్టకపోవడం కూడా అందుకేనని ఇప్పుడు తెలిసింది.

లేదండీ, మా ఆయన నిక్షేపంలా ఉన్నారని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఆవిడ అడగబోయే మాట కూడా వినిపించింది. మరి ఎందుకు రాయడు? బతికుండీ నన్ను వద్దనుకున్నాడని చెప్పడం కంటే ఊరుకోవడమే తేలికనిపించింది. అదే నిజం. చామదుంపల పులుసు అని చెప్పాను. అది చెప్పాక ఇక ఆగలేదు. పులుసులో బెల్లం కాస్త ఎక్కువుండాలి, అన్నం కొంచెం మెత్తగా ఉండాలి, పెరుగు పుల్లబడకూడదు, ఆఖర్న ఆవకాయ బద్ద ఒకటి, అందులోనూ టెంక ఉన్నదే కావాలి. అన్నీ చెప్పాను. అంబీ గారు ఓపిగ్గా వింది. ఇన్ని నెలల్లో మీ గురించి నేను ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది అదే. చెప్తూ ఉంటే హాయిగా ఉందండీ, ఏం చెయ్యను?

చామదుంపలు ఇక్కడ మడుంబీలంటారు, బాగానే దొరుకుతాయి. ఆవిడ భర్తకి పీతల కూరా, ఒక సిగరెట్టూ. పక్కన మీ ఆకు. తలుపు వేశారు. నేను ఆ తలుపు బయట నిలబడ్డాను. లోపల దీపం వెలుగుతోంది, మీ పులుసు వాసన వస్తోంది. మీరు రావాలని దండం పెట్టుకోవాలో, రాకూడదని పెట్టుకోవాలో తెలియలేదు. రాకూడదనే పెట్టుకున్నాను. తర్వాత గదిలోకి పోయి పెట్టె తెరిచి సూత్రాలు మెళ్ళో వేసుకుని కళ్ళకద్దుకున్నాను. అమంగళం నాదే, మీకు తగలకూడదు.

నా మీద మీకు కోపం ఉంటే తిట్టండి. చదువు మానెయ్యమనండి. ఏదో ఒకటి అనండి. ఇంత మౌనంగా ఉంటే మీకూ పోయినవాళ్ళకూ నాకు తేడా తెలియడం లేదు. ఇక నేను రాయను. మీ నుంచి జాబు వస్తేనే మళ్ళీ కలం పడతాను.

సీతాలక్ష్మి


అవోకా
27 అక్టోబర్ 1996

నా గిరిధరరావు గారికి,

రాయనని ఒట్టేసినంత పని చేసి ఇదిగో రాస్తున్నాను. కిందటి ఉత్తరం ఈపాటికి మీకు అంది ఉంటుంది. ఇవాళ అంబీ గారు ఫోన్‌లో మిమ్మల్ని ఎందుకలా పట్టుకుని దులిపిందో అది చదివితే తెలుస్తుంది.

మీకు తెలియని సగం చెప్తాను. ఇవాళ పొద్దున దీపావళికి బట్టలు కొనడానికి బయల్దేరుతుంటే, ఆ రోజు నుంచీ చీర చాటున దాచుకుంటున్న సూత్రాలు అంబీ గారు నా మెళ్ళో చూసింది. తీసెయ్యమ్మా, బాధ పెరుగుతుంది అంది. ఇక దాచలేకపోయాను. ఆయన కాకినాడలో ఉన్నారు, వకీలు, రోజూ కోర్టుకి వెళ్తారు అని చెప్పేశాను. ఆవిడ చేతిలో సంచీ కింద పెట్టి కుర్చీలో కూలబడింది. నన్ను నాలుగు తిడుతుందనుకున్నాను. ఆవిడ నన్నేమీ అనలేదు. సగ్రెన్‌ని పిలిచి, మన ఇంటి నంబరు తిప్పించింది.

ఇక ఆ తర్వాతది మీరు విన్నదే. "ఓరి సచ్చినోడా, పెళ్ళాం సంద్రం దాటొచ్చి సదూకుంటంటే, ఒక కాయితం ముక్క రాయలేవా? నీకు ఇస్తరేసేసేం రా ఇక్కడ! కూడెట్టేసేం!" మధ్యలో ఒక్క ఇంగ్లీషు ముక్క పడలేదు. జిల్లా జడ్జీలు కూడా గిరిధరరావు గారూ అని పిలిచే మనిషిని ఒరేయ్ అంటుంటే, నేను గోడకి చేరబడి నోరు నొక్కుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియదు. ఉన్నట్టుండి ఆవిడ ఆగిపోయింది. కాసేపు విని, "ఇందా. ఏడుస్తన్నాడు" అని ఫోన్ నా చేతికిచ్చింది.

మీరు ఏడవడం నేనెప్పుడూ వినలేదు. మీ అమ్మగారు పోయినప్పుడు కూడా. ఈసారి డబ్బు తగలెయ్యకు అనలేదు మీరు. తర్వాత మీరన్న మాట నేను ఇక్కడ మళ్ళీ రాసుకుంటున్నాను, అది నా కళ్ళ ముందు ఉండాలి. "రాద్దామని కూచుంటే వచ్చెయ్యమనే వస్తోంది సీతా. అది తప్ప ఇంకోటి రావడంలేదు. అందుకే రాయలేదు." అంతలో లైను తెగిపోయింది.

అప్పట్నుంచి ఆ మాటే ఆలోచిస్తున్నాను. మొదటి నెలలో మీరు వచ్చెయ్యమని ఒక్క కార్డు రాసి ఉంటే నేను మరుసటి విమానంలో వచ్చేసేదాన్ని. ఆ సంగతి మీకు తెలుసు. నాకూ తెలుసు. స్టేషన్‌లో రైలు కదలకముందే ఎందుకు వెళ్ళిపోయారో ఇవాళ అర్థమైంది. నేను మీ మౌనాన్ని కోపం అనుకున్నాను. మీరు నోరు కట్టుకుని నా చదువుకి కాపలా కాస్తున్నారని ఎలా అనుకుంటాను చెప్పండి? చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మాత్రం నేను వచ్చేస్తానని అంత భయం అక్కర్లేదు. టాక్సీ ఆపడానికి ఇప్పుడు వేలు నేనే ముందు ఎత్తుతున్నాను. హేజెల్‌ని హేజెల్ అనే పిలుస్తున్నాను. నేను నాటిన మడ మొక్కలు ఇంకో ఏడాది చూడాలి, చూసి తీరతాను. పని పూర్తయ్యేదాకా మీరు పిలిచినా రాను. అందుకని అడుగుతున్నాను. వచ్చెయ్యమనే రాయండి. వారం వారం అదే రాయండి. నేను రానండీ. అయినా రాయండి.

మీ
సీత