పొత్తిగుడ్డలు

నవంబర్ 3
పాప పుట్టి వారం. వైశాలికి డాక్టర్ ప్రయాణం వద్దన్నాడు కాబట్టి పురుడు పొయ్యడానికి అత్తయ్యగారే పాలకొల్లు నుంచి గ్రేటర్ నోయిడా వచ్చారు. ఇవాళ నా పాత కాటన్ చొక్కాలు చింపి పొత్తిగుడ్డలు చేశారు. ఫ్యాక్టరీకి వేసి వేసి పలచబడ్డవి. బారసాల దాకా పిల్లకి కొత్తబట్ట వెయ్యకూడదట, తండ్రి కట్టి విడిచిందే మెత్తనట. కాలర్లు చూసి, అల్లుడుగారు మెడ రుద్దుకోరు కాబోలు అని నవ్వారు.

నవంబర్ 5
పాప ఏడుపు. పాలు తాగాక కూడా.

నవంబర్ 6
వీపంతా ఎర్రటి పొక్కులు. పక్క ఫ్లాట్ ఆంటీ పొల్యూషన్ అంది. కిటికీలన్నీ మూసేశాం. అత్తయ్యగారు తప్పు వైశాలి తిండి మీదికి నెట్టారు. వంకాయ మొహం చూసి నెలయిందమ్మా, నువ్వు పెట్టే కారప్పొడి అన్నమేగా తింటున్నాను అని వైశాలి విసుక్కుంది.

నవంబర్ 8
మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ పని చెయ్యలేదు. స్నానం చేయించాక కాసేపు ఊరుకుంటుంది. గుడ్డ చుట్టగానే మళ్ళీ మొదలు. ఎవరికీ అంతుబట్టడం లేదు.

నవంబర్ 9
మా కంపెనీలో ఫైబర్‌గ్లాస్ వాటర్ ట్యాంకులు చేస్తారు. నాది ట్రిమ్మింగ్ సెక్షన్. అచ్చులోంచి తీసిన ట్యాంకు అంచులు గ్రైండర్‌తో కొట్టిస్తాను. గాజుపొడి లేస్తుంది. మొదట్లో ఒళ్ళంతా గోక్కునేవాణ్ణి, తర్వాత అలవాటైంది. షిఫ్ట్ అయ్యాక అందరం ప్యాకింగ్ టేపు చేతులకి అంటించి లాగుతాం. కంటికి కనపడని పీచు టేపుతో వచ్చేస్తుంది.
ఇవాళ లాగుతూ లాగుతూ ఆగిపోయాను. నా చొక్కాలు.

అదే రోజు, సాయంత్రం
తీగ మీద ఆరిన పొత్తిగుడ్డకి టేపు అంటించి లాగి, లైటు కింద పట్టుకున్నాను. సన్నగా మెరిసింది. ఉతికిన గుడ్డే. నా ప్యాంట్లూ అదే మెషీన్‌లో పడతాయి.
ఇద్దరికీ చెప్పాను. పెళ్ళిచూపుల్లో సూపర్‌వైజర్ అని చెప్పాం. పొడి సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. వైశాలి పాపని అవతలి భుజానికి మార్చుకుంది. చేతులతో చింపానే, నాకేం గుచ్చుకోలేదే అని అత్తయ్యగారు అంటూనే ఉన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి తన నేతచీర ఒకటి చింపారు.

నవంబర్ 11
పాప ఒళ్ళు రుద్దకుండా కుళాయి ధార కింద కడగమన్నాడు డాక్టర్. పాత గుడ్డలన్నీ మూటగట్టి పారేశాను. ఇక స్నానం ఫ్యాక్టరీలోనే, పని బట్టలు అక్కడే. అయినా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడుతున్నాను. వైశాలి రమ్మనదు, వద్దనదు.

నవంబర్ 14
పొక్కులు ఎండుతున్నాయి. నేనింకా ఎత్తుకోలేదు.

నవంబర్ 17
బారసాల. పేరు చెవిలో చెప్పాలని వైశాలే పాపని నా ఒళ్ళో పెట్టబోయింది. ఒక్క నిమిషం అన్నాను. అరచేతులకి టేపు అంటించి లాగి, కిటికీ దగ్గర చూశాను. ఏమీ లేదు.
మళ్ళీ అంటించాను.